వసంతకాలంలో పెరటి మందుమొక్కలు

శివరాత్రితో చలి శివశివా అంటూ పోతుందని పెద్దల మాట. మా కోలారు సీమలో చలి అంత తొందరగా మాట వినదు. సముద్రమట్టానికి సుమారు 800 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి గదా! ఫాల్గుణమాసంలో కూడా తెల్లవారుజామున దుప్పటి కావలసివస్తుంది. పది గంటలు దాటేసరికి ఎండ చురుక్కుమంటుంది. ఈ రెంటి నడుమనే మన వసంతం. మోదుగ ఆకులు రాల్చుకుని ఎర్రగా పూస్తుంది, కానుగ కొత్త చిగురు తొడుగుతుంది, మామిడి పిందె కడుతుంది, వేప పూతకు వస్తుంది. పెరట్లో మాత్రం నీళ్లు తగ్గుతాయి. అందుచేత ఇక్కడ వసంతపు తోటపని అంటే కొత్తగా నాటడం కంటె, ఉన్నవాటిని కాపాడుకోవడం, పూచినవాటిని ఏరి దాచుకోవడం.

కామసముద్రం ఎరుగని చదువరుల కోసం ఒక మాట. బంగారుపేట దాటి కుప్పం వైపు పోయే రైలుదారిలో ఉన్నది మా ఊరు. బంగారుపేటను మన పెద్దలు బౌరింగుపేట అనేవారు. బెంగుళూరు దండు నుండి జోలారుపేటకు ఈ దారి 1864లో పడింది. ఒక వైపు ఆంధ్రదేశం, ఒక వైపు తమిళదేశం, ఉత్తరాన బంగారు గనులు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో మూడు భాషలూ. ఈ మూడు భాషల సంగతి మందుమొక్కల విషయంలో ఎంత ప్రాణాంతకమో తరువాత చెబుతాను.

ముందు వేపపువ్వు. ఉగాదినాడు చారెడు పువ్వు పచ్చడిలో వేసుకుని, తక్కినదాన్ని చెట్టుకింద తొక్కి పారవేస్తాము. ఇది అన్యాయం. పూత బాగా విచ్చిన చెట్టుకింద రాత్రి పాత చీర పరచి ఉంచితే తెల్లవారేసరికి పువ్వు రాలి ఉంటుంది. చెరిగి, పుల్లలూ చీమలూ పోగొట్టి, నీడన ఆరబెట్టాలి. ఎండలో వేస్తే నల్లబడి వాసన పోతుంది. గలగలలాడేలా ఆరిన తరువాత జాడీకి ఎత్తుకుంటే ఏడాది వస్తుంది. నేతిలో ఎర్రగా వేయించి, కాస్త ఉప్పు కలిపి, వేడి అన్నంలో మొదటి ముద్దకు పెడితే నోరు అరుచి పట్టినవారు కూడా అన్నం తింటారు. చారులో వేసేవారు దించేముందు వేయాలి. మరిగితే చేదు ఎక్కువవుతుంది. వేపపువ్వు వేరు, వేపనూనె వేరు. నూనె పసిబిడ్డలకు నోట పోయరాదు. అలా పోయడంవల్ల బిడ్డలకు వాంతులు, మూర్ఛ వచ్చిన సంగతులు వైద్యగ్రంథాలలో ఉన్నాయి.

ఇక నాటే విషయం. ఉగాదికి సంతలో మొక్కలు కొని తెచ్చి నాటి, వైశాఖంలో ఎండు పుల్లలు పీకి పారవేయడం మన వైపు చాలా ఇళ్లలో ఏటేటా జరిగే తంతు. తిప్పతీగ, అడ్డసరం, వావిలి వంటివి తొలకరి పడ్డాక, జ్యేష్ఠంలో నాటితే చాలు. పెన్సిలు లావు కొమ్మను జానెడు పొడవు కోసి, రెండు కణుపులు మట్టిలో ఉండేటట్లు గుచ్చితే వాటంతట అవే పట్టుకుంటాయి. వసంతంలో వేయదగినవి రెండే: ఒకటి తులసి విత్తులు, రెండవది దొడ్డపత్రె. ఈ రెండవదాన్ని తెలుగులో వాము ఆకు అనీ, కర్పూరవల్లి అనీ అంటారు గాని మా ఊళ్లో కన్నడపు పేరే నిలిచిపోయింది. నీడపట్టున తొట్టిలో ఒక కొమ్మ గుచ్చితే వారం రోజుల్లో వేళ్లు పోస్తుంది. దీనికి నీళ్లు ఎక్కువైనా చేటే, మొదలు కుళ్లుతుంది.

నీళ్లకు ఒక పాత ఉపాయం ఉన్నది. మెరుపు పూత లేని మట్టికుండను మెడదాకా పాతిపెట్టి, నీళ్లు నింపి, మూత పెట్టాలి. చుట్టూ జానెడు దూరంలో మొక్కలు వేయాలి. కుండ గోడల గుండా చెమ్మ మెల్లగా ఊరి వేళ్లకు అందుతుంది. పైనుండి పోసే నీటిలో సగం ఎండకే పోయే రోజుల్లో ఇంతకు మించిన సదుపాయం లేదు. పాదుల మీద రాలిన కానుగాకు కప్పితే తడి నిలుస్తుంది, మెల్లగా ఎరువూ అవుతుంది. స్నానపు నీళ్లు వావిలికీ, మందారానికీ మళ్లించవచ్చు. పచ్చిగా తినే ఆకులకు సబ్బునీళ్లు తగలనివ్వకూడదు.

కంచె లేని పెరడు మేకల పాలు. వావిలినీ అడ్డసరాన్నీ కంచెగా పెట్టుకుంటే మేకలు ముట్టవు. అరవంలో అడ్డసరానికి ఆడాతోడై అని పేరు. ఆడు అంటే మేక, మేక తాకనిది అని అర్థం చెబుతారు. కామసముద్రం వైపు అడవి దాటి వచ్చే ఏనుగులు మాత్రం ఏ కంచెనూ ఖాతరు చేయవు. అవి వచ్చేది రాగిచేనుకూ అరటికీ గాని మన తులసికోసం కాదు, కాబట్టి ఆ భయం ఈ వ్యాసానికి వద్దు.

వావిలాకు వేసి కాచిన నీళ్లు బాలింత స్నానానికి మన అవ్వల కాలం నుండీ వాడుకే. ఒళ్లు నొప్పులకు కాపడం పెట్టడానికీ మంచిది. నల్లేరు పచ్చడి సంగతి తెలిసినవారు తక్కువ. నల్లేరు మీద బండి నడక అని సామెత చెబుతాము గాని, ఒట్టి చేతులతో దాన్ని తరిగిన ఇల్లాలికి ఆ నడక సుఖం కాదు, చేతులు మండిపోతాయి. చేతులకు నూనె రాసుకుని, లేత కణుపులు తీసుకుని, నార తీసి, నూనెలో బాగా వేయించి, చింతపండు దండిగా వేస్తేనే గొంతు గీరదు. దొడ్డపత్రె విషయంలో కన్నడపు సోదరీమణుల దగ్గర నేర్చుకోవలసింది తంబుళి. గుప్పెడు ఆకులను నేతిలో వాడ్చి, నాలుగు మిరియాలు, జీలకర్ర, కొబ్బరి చేర్చి నూరి, మజ్జిగలో కలిపితే ఎండపూట అన్నంలోకి హాయిగా ఉంటుంది. సరస్వతి ఆకుతోనూ ఇదే విధంగా చేస్తారు. పిల్లలకు వినోదం కావాలంటే పొడపత్రి ఆకు ఒకటి నమిలించి, తరువాత నోట్లో పంచదార వేయండి. ఇసుక నమిలినట్లుంటుంది, తీపి తెలియదు. ఎడ్జ్‌వర్త్ అనే ఆయన గమనించిన ఈ వింత 1847లోనే ప్రచురితమైంది. కొంతసేపటికి నాలుక మళ్లీ మామూలవుతుంది.

ఇంతవరకూ చెప్పినది ఏ ఊరివారికైనా వర్తించేదే. కోలారు జిల్లావారు ప్రత్యేకంగా ఆలోచించవలసినవి నీళ్లూ, మన్నూ.

మన జిల్లాకు ఏడాది పొడుగునా పారే నది లేదు. బావులు ఎండి బోర్లు వచ్చాయి, ఆ బోర్లు వెయ్యి అడుగులు దాటిపోయాయి. లోతునీటిలో చాలాచోట్ల ఫ్లోరైడు ఉన్నది. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని మన దేశపు ప్రమాణం. ఇప్పుడు కషాయం సంగతి చూడండి. నాలుగు గ్లాసుల నీళ్లు పోసి ఒక గ్లాసు మిగిలేదాకా కాచమని మన పద్ధతి. ఆవిరయ్యేది నీరు మాత్రమే. ఫ్లోరైడు ఎక్కడికీ పోదు. నాలుగు గ్లాసులలో ఉన్నదంతా ఆ ఒక్క గ్లాసులోకి చేరుతుంది. కాచితే నీళ్లు శుద్ధి అవుతాయన్న మాట సూక్ష్మజీవుల విషయంలో నిజం, ఉప్పుల విషయంలో కాదు. మోకాళ్ల నొప్పులకని నెలల తరబడి బోరునీటి కషాయం తాగితే, ఎముకలకు మేలు చేస్తున్నామనుకుంటూ ఎముకలను పట్టే దినుసునే పోస్తున్నామన్నమాట. కషాయానికి వాననీరు పట్టి ఉంచుకోండి. లేదా ఫ్లోరైడు తీసిన శుద్ధినీటి డబ్బా నీళ్లు వాడండి.

2018 నుండి బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోరమంగల, చల్లఘట్ట లోయ పథకం కింద మన జిల్లా చెరువులకు పంపుతున్నారు. పథకంలో 126 చెరువులు ఉన్నాయి. చెరువులు నిండి చుట్టుపక్కల బావులకు ఊట వచ్చిందని రైతులు సంతోషించారు. రెండు దశలే గాని మూడవ దశ శుద్ధి లేదని అభ్యంతరం చెప్పినవారూ ఉన్నారు, వ్యవహారం కోర్టులకెక్కింది. రెండు వాదాలలోనూ బలమున్నది. మన పెరటికి సంబంధించినంతవరకు తీర్పు సులభమే. ఆ నీటిని ఉద్దేశించినది భూమిలోకి ఇంకడానికి. సరస్వతి ఆకు, పొన్నగంటి, తులసి వంటి పచ్చిగా నోట్లో వేసుకునేవాటిమీద ఆ చెరువునీళ్లు నేరుగా పోయకండి.

మన్ను సంగతి గనుల దగ్గర ఉండేవారికి. 1880లో మొదలైన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. బంగారం తీసుకోగా మిగిలిన పిండిరాయి సైనైడు దిబ్బలై నిలిచిపోయింది. మూడుకోట్ల టన్నులకు పైబడి ఉన్నదంటారు. మాఘ ఫాల్గుణాలలో గాలి తిరిగిందంటే రాబర్ట్‌సన్‌పేట, ఆండర్‌సన్‌పేట, ఛాంపియన్ రీఫ్స్ ఇళ్లమీద ఆ బూడిదరంగు ధూళి పడడం మనకు కొత్త కాదు. సైనైడు ఎండకు చాలావరకు విరిగిపోతుంది. లోహాలు విరగవు. మొక్క వేళ్లతో కొంత తాగుతుంది, నూగు ఆకుల మీద కొంత అంటుకుంటుంది. దొడ్డపత్రె, తులసి రెండూ నూగు ఆకులవే. మన దేశపు మూలికామందులను విదేశాలకు పంపాలంటే 2006 జనవరి నుండి లోహపరీక్ష తప్పనిసరి అయింది. పదిలక్షల భాగాలలో సీసం 10, పాషాణం 3, పాదరసం 1, కాడ్మియం 0.3 భాగాలు మించరాదు. పరాయి దేశంవారు తినే మందుకు అంత జాగ్రత్త ఉండగా, మన బిడ్డకు ఇచ్చే ఆకుకు కొంతైనా ఉండవద్దా? దిబ్బ ఇసుకను తోటమట్టిలో కలపకండి. ఉచితంగా వస్తున్నదని, నేల గుల్లబారుతుందని కొందరు కలపడం చూశాను. దూరంనుండి తెప్పించిన ఎర్రమన్నుతో, పశువుల ఎరువుతో తొట్లు నింపి, గాలి తగలని వైపు అరుగుమీద పెట్టుకోండి. ఆకులను రెండు నీళ్లలో కడగండి.

గనుల మాట వచ్చింది కనుక దగ్గు మాట చెప్పాలి. అడ్డసరపు ఆకు దగ్గుకు మంచి మందని మనకు తెలుసు. అందులోని వాసిసిన్ అనే పదార్థాన్ని ఆధారం చేసుకునే బ్రోమ్‌హెక్సిన్ అనే నేటి దగ్గుమందు తయారైంది. కఫాన్ని పలుచన చేసి బయటికి తెస్తుంది. ముదురాకులు మూడు నాలుగు తేనెతో నూరి గాని, మిరియాలతో కాచి గాని మూడునాళ్లు తీసుకోవచ్చు. గర్భిణీలకు ఇవ్వరాదు, గర్భాశయాన్ని బిగబట్టించే గుణం దానికి ఉన్నది. రాతిధూళివల్ల వచ్చే దగ్గు వేరు. 1940–46 మధ్య మన గనులలో 7,653 మంది కార్మికులను పరీక్షించగా నూటికి నలభైమందికి పైగా సిలికోసిస్ కనిపించింది. మన దేశంలో ఆ జబ్బు మొదట వెలుగులోకి వచ్చినది కోలారు గనులలోనే. ఊపిరితిత్తిలో ఒకసారి పాతుకున్న రాతిపొడిని ఏ ఆకూ బయటికి తేలేదు. గనిలో పనిచేసి వచ్చిన తాతలు ఇప్పటికీ మన ఇళ్లలో ఉన్నారు. వారి దగ్గు రెండు వారాలు దాటితే అడ్డసరంతో కాలక్షేపం చేయక, కఫం పరీక్ష, ఛాతీ ఫోటో తీయించండి. ఇటువంటి ఊపిరితిత్తులకు క్షయ సులభంగా సోకుతుంది. ఆకు దగ్గును తగ్గిస్తుంది, అందుకనే ప్రమాదం. జబ్బు లోపల పెరుగుతూ ఉంటే పైకి తెలియదు.

బిళ్లగన్నేరు విషయం మరీ ముఖ్యం. మా వీధిలో ఒక పెద్దనాయన, గనిలో పనిచేసి విరమించినవారు, చక్కెర జబ్బుకని రోజూ పరగడుపున పది ఆకులు నమిలేవారు.

“పెద్దనాయనా, డాక్టరు మాత్రలు వేసుకుంటున్నారా?” అని అడిగాను.

“అవీ వేసుకుంటాను బిడ్డా. అది ఇంగ్లీషు మందు, ఇది మన మందు. రెండు దిక్కులా కాపలా పెడితే దొంగ ఎట్లా వస్తాడు?” అన్నారు.

మాట బాగున్నది. ఒకనాడు కళ్లు తిరిగి అరుగుమీదే పడిపోయారు. ఆసుపత్రిలో చూస్తే చక్కెర మరీ దిగిపోయి ఉన్నది. ఆకు చేసిందో, మాత్ర చేసిందో, రెండూ కలిసి చేశాయో చెప్పలేము గాని, డాక్టరు ఆకు మాన్పించారు, ఆయనకు మళ్లీ అలా కాలేదు.

ఈ మొక్క చరిత్ర విచిత్రమైనది. జమైకా ద్వీపంలో చక్కెర జబ్బుకు దీని ఆకుల టీ తాగుతారని విని, 1952లో కొన్ని ఆకులు కెనడాలో రాబర్ట్ నోబుల్ అనే శాస్త్రజ్ఞునికి పంపారు. ఎలుకలకు ఇచ్చి చూస్తే చక్కెర చెప్పుకోదగినంత తగ్గలేదు. రసాన్ని సూదివేస్తే మాత్రం రక్తంలోని తెల్లకణాలు పడిపోయి, చిన్న అంటుజబ్బుకే ఎలుకలు చనిపోయాయి. ఆ తీగ పట్టుకుని చార్లెస్ బీర్‌తో కలిసి పనిచేయగా 1958 నాటికి విన్‌బ్లాస్టిన్ బయటపడింది. తరువాత విన్‌క్రిస్టిన్ వచ్చింది. నేడు పసిపిల్లల రక్తపుక్యాన్సరుకు విన్‌క్రిస్టిన్ లేని వైద్యం లేదు. మన గుమ్మంముందు నీళ్లు పోయకపోయినా పూసే పువ్వుకు ఇంత మహిమ ఉన్నది. వైద్యుడు చుక్కలు లెక్కపెట్టి నరంలోకి ఎక్కించే పదార్థపు ఆకును మనం గుప్పెటతో నమలవచ్చునా? పూజకు పెంచండి, కళ్లకు ఇంపు, అంతే. తిప్పతీగ కూడా ఇలాంటిదే. కరోనా కాలంలో ప్రతి ఇంటా కాచి తాగారు. బొంబాయి వైద్యులు అది వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్న సంగతిని 2021లో ప్రచురించారు. ఆకును పోలిన వేరే జాతి తీగ కలిసి ఉండవచ్చునని ఆయుష్ శాఖవారు అన్నారు. ఏది నిజమైనా, కామెర్లు వచ్చినవారూ, థైరాయిడు వంటి వాటికి రోజూ మందు వాడేవారూ డాక్టరును అడగనిదే ముట్టవద్దు.

వసపిట్ట అని మాటకారి పిల్లను ముద్దుచేస్తాము. బిడ్డకు మాట త్వరగా రావాలని వసకొమ్ము అరగదీసి నాలుకకు రాయడం మన ఆచారం. కన్నడిగులు బజె అంటారు, ఆచారం వారిదీ అదే. వసలోని అసరోన్ అనే నూనె పదార్థం జంతువులలో పుండ్లు, గడ్డలు కలిగించినందున అమెరికావారు 1968లో దానిని తిండిపదార్థాలలో నిషేధించారు. బిడ్డలకు వాంతులు, మగత కలుగుతాయని పిల్లల వైద్యులు వద్దంటారు. నీళ్ల తొట్టిపక్కన మడిలో పెంచితే ఆకు సువాసనగా ఉంటుంది. ఎండిన కొమ్ము బియ్యపుడబ్బాలో వేస్తే పురుగు పట్టదు. బిడ్డకు మాటలు మనం మాట్లాడితేనే వస్తాయి.

ఇప్పుడు పేర్ల సంగతి. మన పిల్లలు కన్నడ బడిలో చదివి మొక్కల పేర్లు కన్నడంలోనే నేర్చుకుంటున్నారు. అవ్వ తెలుగులో చెబుతుంది, కోడలు కన్నడంలో వింటుంది, అంగడివాడు అరవంలో ఇస్తాడు. బ్రాహ్మి అని అడిగితే కొందరు సరస్వతి ఆకు ఇస్తారు. అదే కన్నడంలో ఒందెలగ. మరికొందరు సన్న ఆకుల సాంబ్రాణి చెట్టు ఇస్తారు. రెండు మొక్కలకూ ఒకదానికొకటి చుట్టరికం లేదు. ఇది చిన్న పొరపాటే. గన్నేరు, పచ్చగన్నేరు, బిళ్లగన్నేరు మూడింటినీ ఒక్క గన్నేరు కింద జమకట్టడం పెద్దది. మొదటి రెండూ గుండెను ఆపే విషాలు. అందుకని పాత డబ్బారేకు ముక్కలమీద మేకుతో గీసి ప్రతి మొక్కకూ రెండు భాషలలో పేరు కట్టండి: తిప్పతీగ, అమృతబళ్లి; అడ్డసరం, ఆడుసోగె; వావిలి, లక్కి; తుమ్మి, తుంబె; నేల ఉసిరి, నెలనెల్లి; పొడపత్రి, మధునాశిని; నల్లేరు, మంగరబళ్లి. రాసే పని పిల్లలకు అప్పగిస్తే వారికి రెండు లిపులూ వస్తాయి. బెంగుళూరులో 1993లో పుట్టిన ఎఫ్.ఆర్.ఎల్.హెచ్.టి. సంస్థవారు పల్లెటిండ్లలో ఔషధపు పెరళ్లను ప్రోత్సహించిన అనుభవం ఉన్నవారు. గుర్తుపట్టడంలో సందేహం ఉన్నప్పుడు అటువంటివారినో, దగ్గరి వ్యవసాయ కళాశాలలో వృక్షశాస్త్రం తెలిసినవారినో అడగడం మంచిది.

చివరగా మల్లె. కొమ్మలను శివరాత్రికి ముందే సగానికి కత్తిరించి, ఆకు దూసి, పది రోజులు నీళ్లు ఆపి, తరువాత ఎరువు వేసి తడిపితే చైత్రానికి మొగ్గ విరగకాస్తుంది. జడలోకే గాక మందుకూ పనికివస్తుంది. బిడ్డ పోయిన తల్లికి పాలు గడ్డకట్టి బాధపెడితే మల్లెపూలు రొమ్ములకు కట్టడం మన పల్లెల పద్ధతి. మనకు దగ్గరి వెల్లూరు వైద్యులు దీన్ని పరీక్షించి, పాలు ఇంకించడానికి వాడే బ్రోమోక్రిప్టిన్ మాత్రకు ఇది ఇంచుమించు సమంగా పనిచేసిందని 1988లో ప్రచురించారు. పాలిచ్చే తల్లి మల్లెదండలు ఒంటికి తాకేలా వేసుకోకూడదని అవ్వలు అనేది ఇందుకే కాబోలు. వాడిన పూలను పారవేయక కొబ్బరినూనెలో వేసి వారం రోజులు ఎండలో పెట్టి వడకట్టండి. తలనూనెకు అంగడికి పోనక్కరలేదు. మొగ్గలు సాయంత్రం నాలుగు గంటలకు, విచ్చకముందు కోయాలి.